మొదటి దరఖాస్తు

రికార్డు ఆఫీసు గుమస్తా పేరు పెట్టి రెండుసార్లు పిలిచాడు. బెంచీ మీద కూర్చున్న ముసలాయన కదల్లేదు. పక్కనున్న భార్య మోచేత్తో పొడిస్తే ఉలిక్కిపడి లేచాడు.

"చెవులు కాస్త మందం బాబూ," అంది ఆమె.

"ఫిరంగి దళంలో చేసినవాళ్ళకి అది మామూలేనమ్మా. రండి, ఇద్దరూ ఇలా వచ్చి కూర్చోండి."

గుమస్తా మంచివాడు. ముసలాయనకి అందుకే ఎక్కువ భయం వేసింది. కసురుకునేవాడైతే కాగితం చూడకుండానే సంతకం గీకి వదిలించుకుంటాడు. మంచివాడు ప్రతి అక్షరమూ చదువుతాడు.

కావలసింది చిన్న సవరణ. రికార్డులో 'అవివాహితుడు' అని ఉంది. అది కొట్టేసి భార్య పేరు రాయాలి. ఆమె గుండెలో వాల్వు పాడైంది. ఆపరేషను ఈ నెల దాటకూడదని డాక్టరు తెగేసి చెప్పాడు. సైనికుల ఆసుపత్రిలో ఉచితంగా చేస్తారు, కానీ రికార్డులో పేరున్న భార్యకే. బయట చేయించే తాహతు వాళ్ళకి ఏడు జన్మలెత్తినా రాదు.

ముసలాయన సంచిలోంచి సైన్యం ఇచ్చిన విడుదల పుస్తకం తీసి ఇచ్చాడు. గుమస్తా పేజీలు తిప్పి మెచ్చుకున్నాడు.

"నలగకుండా ఎంత బాగా దాచారండీ!"

"నా ట్రంకుపెట్టెలో బట్టల అడుగున పెట్టాను బాబూ," అంది ఆమె.

"ఆరేళ్ళ సర్వీసే. పింఛను రాదు. ఆసుపత్రి హక్కు మాత్రం ఉంటుంది. భయం లేదు."

భయం లేదంటూనే బీరువాలోంచి లావుపాటి ఫైలు తెచ్చి, దుమ్ము దులిపి, దారం విప్పాడు. మొదటి పేజీలో పంతొమ్మిదేళ్ళ కుర్రాడి ఫొటో. దాన్నీ ముసలాయన్నీ మార్చి మార్చి చూశాడు. ముసలాయన సంచిని రెండు చేతులా ఒళ్ళోకి లాక్కున్నాడు.

"ఏం జుట్టండీ అప్పట్లో!" అని నవ్వాడు గుమస్తా. "నా పెళ్ళి ఫొటోలో నన్ను మా పిల్లలే పోల్చుకోలేరు. అంతలా బెదురుతారేం తాతగారూ? తుపాకులకి ఎదురెళ్ళినవాళ్ళు ఫైలుకి జడిస్తే ఎలా?"

నంబరు అడిగాడు. చేరిన తేదీ అడిగాడు. విడుదలైన తేదీ అడిగాడు. ముసలాయన ఎక్కం అప్పజెప్పినట్టు గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. మధ్యలో ఆగితే మళ్ళీ అందుకోలేడు.

"తండ్రి పేరు?"

నోటిదాకా వచ్చింది, జారిపోయింది. ముసలాయన భార్యవైపు చూశాడు. ఆమె తటాలున అందుకుని చెప్పేసింది.

"చూశారా! మా ఆవిడ మా నాన్న పేరు ఇప్పటికీ తప్పే రాస్తుంది. చేరినప్పటి ఇంటి చిరునామా?"

అదీ ఆమే చెప్పింది. వీధి, ఇంటి నంబరు. రేకుల కప్పు, గుమ్మం ముందు చేతిపంపు అని అడగని సంగతులు కూడా చెప్పింది. తను పుట్టి పెరిగిన ఇల్లు కళ్ళముందున్నట్టే చెప్పింది. ముసలాయన ఆమె చెయ్యి నొక్కాడు.

"వేలిముద్ర కలపాలి గానీ, మా గదిలో పైపు పగిలి ఆ పేజీ తడిసిపోయింది. సిరామరక మిగిలిందంతే. ఇక గుర్తింపు చిహ్నం ఒక్కటి చూస్తే అయిపోయినట్టే. ఎడమ ముంజేతి మీద కాలిన మచ్చ, రెండంగుళాలు. పుస్తకంలోనూ అదే ఉంది. చూపిస్తారా?"

ముసలాయన చొక్కా చేతి గుండీ విప్పబోయాడు. గుండీ కాజాలో చిక్కుకుంది. చివరికి గుమస్తాయే విప్పిపెట్టాడు. ఆమె కిటికీవైపు మొహం తిప్పుకుంది.

మచ్చ ఉంది. చెప్పిన చోటే ఉంది. గుమస్తా కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాడు.

"ఇన్నేళ్ళైనా ఇంకా ఎర్రగా ఉందేమిటి?"

"ముసలి చర్మం కదా సార్. ఎండలు ముదిరితే దురద. గోక్కుంటాను."

మాట తడబడలేదు. గుండె మాత్రం, ఆపరేషను ఈయనకే చెయ్యాలేమో అన్నంతగా కొట్టుకుంటోంది.

గుమస్తా స్కేలు పెట్టి కొలిచాడు. "రెండంగుళాలు. వెంట్రుకవాసి తేడా లేదు!"

నవ్వుతూ పెన్ను తీశాడు. 'అవివాహితుడు' మీద గీత పడింది. పైన ఆమె పేరు గుండ్రంగా, అందంగా రాశాడు. ముసలాయనకి కళ్ళనీళ్ళు ఆగలేదు.

"నువ్వు చల్లగా ఉండాలి నాయనా," అంది ఆమె.

"ఇంకొక్క గడి ఉందమ్మా, తర్వాత ముద్ర కొట్టేస్తాను. తాతగారూ, ఇంతకుముందు ఎప్పుడైనా సవరణకి దరఖాస్తు పెట్టారా?"

"లేదు సార్. ఇదే మొదటిది."

"అయినా ఓసారి చూడాలి లెండి. లేకపోతే పైవాళ్ళు వెనక్కి కొడతారు. పాత దరఖాస్తులు ఫైలు అడుగున కుట్టి పడేస్తారు మావాళ్ళు. చదివిన పాపాన పోరు."

ఫైలు తిరగేశాడు. వెనక అట్టకి అతుక్కుపోయి ఒక కాగితం ఉంది. గోటితో మెల్లగా ఊడదీశాడు. నలభై నాలుగేళ్ళ కిందటిది. 'అందినది' అని ముద్ర వేసి, ఆ తర్వాత ఎవరూ ముట్టుకోలేదు. అడుగున సైనికుడి సంతకం.

"ఒకటి పెట్టారండీ! మర్చిపోయినట్టున్నారు," అని గుమస్తా సరదాగా పైకి చదవడం మొదలుపెట్టాడు.

"అయ్యా, నేను సైన్యంలో చేరిన రోజున వరుసలో నా పక్కవాడి గుర్తు పొరపాటున నా కాగితాల్లో రాశారు, నా ఒంటిమీద ఎక్కడా కాలిన మచ్చ లేదు, దయచేసి సరిచేయగలరు."