చువ్వ మీద గుర్తు

లేవి భార్య ప్రేమమ్మను చంపింది ఏసుకుమారే. కోర్టు వదిలేసినా లేవి వదల్లేదు. తోడబుట్టిన తమ్ముడితో ఆరేళ్లుగా మాటల్లేవు.

అప్పట్లో రాళ్లగుట్ట కింద శనక్కాయ చేలో పందుల కాపలాకని ఏసుకుమార్ అన్న తుపాకి తీసుకుపోయాడు. మూతి నుంచి మందు కూరే తాతల నాటి చెకుముకి తుపాకి. పొద్దున్నే తెచ్చి, ఖాళీదేనని వదిన చేతికిచ్చాడు. తుప్పు పట్టకుండా ఖాళీ తుపాకిని పొయ్యి పక్కన ఆనించడం ఆ ఇంటి అలవాటు. ప్రేమమ్మ ఆనించింది. ఆ వేడికి అది పేలింది.

కేసు ముగిసి, ఇన్నాళ్లకు స్టేషన్ నుంచి తుపాకి ఇల్లు చేరింది. లేవి అరుగు మీద కూర్చుని గొట్టంలో వేడినీళ్లు పోశాడు. ఎర్రగా తుప్పు కారింది. తుడవడానికి మునుపు ప్రేమమ్మ పాత చీర చించి ఇచ్చేది. ఇప్పుడు మిగిలింది ఒక్క చీర. దాన్ని తాకలేదు. తన చొక్కా చించాడు.

ఇనుప చువ్వకు గుడ్డ చుట్టి గొట్టం తోముతుంటే వాకిట్లో నీడ పడింది. సంఘ పెద్ద దాసన్న. వెనక ఏసుకుమార్.

"ఏమప్పా లేవీ, ఆదివారం ప్రభువు బల్ల ఉండాది. ఈసారన్నా తమ్మునితో సమాధానపడి రొట్టె తీసుకో. ఆరేండ్ల నుంచి వచ్చి గోడలు చూసి పోతాండావు."

"మందు దించకుండా ఇచ్చినోనితో నాకేం సమాధానం?"

"దించినా అన్నా." ఏసుకుమార్ ముందుకొచ్చాడు. "పందులు రాలేదని మందంతా గీకేసినా. నువ్వు నేర్పినట్టే చువ్వ దింపి చూసినా. గుర్తు మూతికి సమంగా ఉండె."

గుర్తు లేవి పెట్టిందే. గొట్టం ఖాళీగా ఉంటే మూతికి సమంగా నిలుస్తుంది. అడుగున రెండు వేళ్ల మందు మిగిలితే రెండు వేళ్లు పైకి లేస్తుంది.

"మీ వదినను మింగి, ఇంకా నా ముందర అబద్ధాలా? ఖాళీ గొట్టం ఎట్లుంటాదో చూడు!"

లేవి గుడ్డ ఊడదీసి చువ్వ వదిలాడు. అది అడుగు తాకి టంగుమంది.

గుర్తు మూతి దగ్గర ఆగలేదు. రెండు వేళ్లు లోపలికి దిగిపోయింది.

లేవి పిడికిలితో మూతి కప్పేశాడు.

"ఏమైందన్నా?"

"పోండి. ఇద్దరూ పోండి."

ప్రేమమ్మ పోయే ముందు చువ్వ మొన విరిగితే రెండు వేళ్ల మేర కోసేసి, గుర్తును మాత్రం పాతచోటే వదిలేసింది తానేనని లేవి ఎవరికీ చెప్పలేదు, బతికినన్నాళ్లూ ఆ తుపాకి మాట తన ముందు ఎవరినీ ఎత్తనివ్వలేదు.