ఫోటోలో ఉన్నట్టే

"చెరిపీ," అంది అప్పమ్మ.

మేరీరాణి రబ్బరు ముట్టుకోలేదు. "ఇప్పుడేటి తప్పు మామ్మా?"

"కళ్ళు. సూడు."

అప్పమ్మ చీపురు పుల్లని ఫోటోలోని కన్ను పొడుగుకి విరిచి, రెండు కళ్ళ మధ్య ఆనించింది. పుల్ల పట్టలేదు. బొమ్మలోని కన్నుకి సరిపడా మరో పుల్ల విరిచి అక్కడా ఆనించింది. పుల్ల పట్టి, ఇంకా చోటు మిగిలింది.

"తాతకి కళ్ళు ఎడంగానే ఉండేవి కదా!"

"ఫోటోలో నేవు. చెరిపీ."

పొద్దున్న ఎనిమిదింటికి వేసిన గడియ మధ్యాహ్నం రెండైనా తియ్యలేదు. హౌరాలోని ఆ క్వార్టర్స్‌లో ఉన్నది ఒకటే గది, ఒకటే కిటికీ. కాగితం ఎగురుతుందని ఫ్యాన్ కూడా ఆపేశారు. తలుపుకి అడ్డంగా పీట వేసుకుని అప్పమ్మ కూర్చుంది. బొమ్మ కుదిరేదాకా ఎవరూ బయటికి పోయేది లేదు.

మేరీరాణి తాత బంగారయ్య మురుగుకాలవల పనిలో ముప్పై ఎనిమిదేళ్ళు చేశాడు. రిటైరవడానికి ఏడాది ఉందనగా డ్యూటీలోనే గుండె ఆగింది. రేపు శనివారం ఆఫీసు హాల్లో సంతాప సభ. పటానికి దండ వేసి, ఆ వెంటనే కొడుకు అశోక్‌కుమార్‌కి తండ్రి ఉద్యోగం తాలూకు కాగితం ఇస్తారు. ఆ కాగితం రాకపోతే నెలాఖరుకి క్వార్టర్స్ ఖాళీ చెయ్యాలి.

ఆఫీసువాళ్ళు ఇచ్చింది సర్వీసు బుక్కులోని ఫోటోకి జెరాక్స్. ఉద్యోగంలో చేరిన రోజు అంటించిన ఫోటో. బుగ్గ మీద అడ్డంగా ముద్ర. పెద్దది చేయిస్తే ముద్రా పెద్దదవుతుంది. అందుకని, బొమ్మలు నేర్చుకుంటున్న మనవరాలి మీద పడింది ఆ పని.

మేరీరాణి మళ్ళీ గళ్ళు లెక్కపెట్టింది. ఫోటో మీద చిన్న గళ్ళు, కాగితం మీద పెద్ద గళ్ళు. ఏ గడిలో ఏముంటే ఆ గడిలో అదే గీయాలి. చేతికి తెలుసు. కానీ చెయ్యి మాట వినడం లేదు. చెవి దగ్గరకొచ్చేసరికి తమ్మె దానంతటదే కిందికి జారింది.

"మళ్ళీ! చెవి అలగ ఏలాడుతోందా ఫోటోలో?"

"తాతకి వేలాడేది మామ్మా! చిన్నప్పుడు పట్టుకుని లాగేదాన్ని."

"నీ మేస్టారేటి సెప్పాడు? పొద్దున్న నువ్వే గదే అన్నావు?"

మేరీరాణి పళ్ళు నూరింది. "తెలిసింది గీయొద్దు, కనిపించింది గీయమన్నాడు."

"మరి కనిపించింది గీయి."

"నా ఫోన్‌లో మంచి ఫోటో ఉంది. ఫెర్రీలో నవ్వుతుంటే తాతకి తెలీకుండా తీశాను. అది చూసి గీస్తే గంటలో..."

"ఆ ఫోన్ ఆపీ."

"నీకు తాత అక్కర్లేదు, ఈ జెరాక్స్ ముక్కే కావాలి!"

అప్పమ్మ పుల్లల్ని గట్టిగా పట్టుకుంది.

కిటికీలోంచి పక్కింటి కాసులమ్మ తల పెట్టింది. అశోక్‌కుమార్ పెళ్ళినాటి నుంచీ ఆ క్వార్టర్స్ వరసలోనే ఉంటోంది.

"ఏటే, ఎవుల్ని గీస్తున్నావు? మన బంగారయ్య బావలా నేడు!"

"చూశావా మామ్మా!"

"ఇరవయ్యేళ్ళప్పుడు అలగే ఉండీవోడు," అంది అప్పమ్మ ఠక్కున. "అప్పుడు నువ్వు సూసావేటి కాసులూ? నీ పొయ్యి మీద ఏదో మాడుతోంది, పో."

తల మాయమైంది. వెంటనే తలుపు చప్పుడైంది. అశోక్‌కుమార్.

"అమ్మా, అయిందా? హెడ్‌క్లర్కు బడొబాబు రేపు సర్వీసు బుక్కు తెచ్చి పక్కన పెట్టి చూస్తాడట. కిందటిసారి ఒకాయన దండ ఇంకొకాయన పటానికి పడిందట. అందుకని ఈసారి రికార్డులో ముఖమే ఉండాలంటున్నాడు."

"ఉంటాది. నువ్వెల్లు," అంది అప్పమ్మ, గడియ తియ్యకుండానే.

మేరీరాణికి ఏడుపొచ్చింది. ఏడుపు ఆపుకుని, జెరాక్స్‌ని తలకిందులుగా తిప్పింది. కాగితాన్నీ తిప్పింది. ఇప్పుడక్కడ తాత లేడు. గీతలు, నీడలు, గళ్ళు. అంతే.

నాలుగింటికి అప్పమ్మ ఆఖరిసారి పుల్లలు పెట్టి కొలిచింది. కళ్ళు, ముక్కు, చెవి, గడ్డం. లేచి గడియ తీసింది.

"సరిపోయింది," అంది.

మర్నాడు హాల్లో బడొబాబు కళ్ళజోడు సవరించుకుని బుక్కునీ పటాన్నీ మార్చి మార్చి చూశాడు. అప్పమ్మ కుర్చీ చెయ్యి వదల్లేదు.

"ఏకదమ్ ఠీక్!" అన్నాడు బడొబాబు.

దండ పడింది. అశోక్‌కుమార్ చేతికి కాగితం వచ్చింది. వెనక వరసలో పాత పనివాళ్ళు పటాన్ని చూసి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, వయసు మనిషిని ఎంత మార్చేస్తుందో అనుకున్నారు.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక మేరీరాణి పరుపు కింద నుంచి మరో కాగితం తీసింది. ఫెర్రీ రెయిలింగ్ దగ్గర నవ్వుతున్న ముసలాయన. ఎడంగా ఉన్న కళ్ళు. వేలాడే చెవి తమ్మె.

"నిన్న ఆ హాల్లో పెట్టింది ఎవరో తెలీని మనిషిని మామ్మా. తాత ఇదిగో. తిట్టుకుంటే తిట్టుకో."

అప్పమ్మ తిట్టలేదు. కాగితాన్ని ఒళ్ళో పెట్టుకుని ఆ చెవిని వేలితో నిమిరింది. చాలాసేపు నిమిరింది.

"కింద పేరు రాయి," అంది.

మేరీరాణి పెన్సిల్ అందుకుని 'బం' రాసింది. అప్పమ్మ ఆ చెయ్యి పట్టుకుంది. వెళ్ళి తలుపు గడియ పెట్టి వచ్చి, గొంతు తగ్గించింది.

"ఆ పేరు ఫోటోలోనోడిది, ఉజ్జోగమూ ఆడిదే. మీ తాత పేరు వెంకటేశు."