మోకాలి ఎత్తు

ఆ పూట అది నాకు నాలుగో డెయిరీ. ఓపిక ఎప్పుడో అయిపోయింది. గాలిలో అమోనియా ఎంతుందో చెప్పే మీటరు పట్టుకుని పశువుల కొట్టం మధ్యలో నిలబడ్డాను. ఎనిమిది చూపించింది. ఫర్వాలేదు.

రాసుకుని బయటపడదామనుకుంటుంటే పాలు పితికే ఆవిడ బకెట్‌తో వచ్చింది.

"ఒక్కసారి కూర్చుని చూడండి సార్."

"కూర్చుంటే ఏమవుతుందమ్మా?"

"దూడలు మీ అంత పొడుగుండవు కదా సార్. ఆ పేడలోనే పడుకుంటాయి. పొద్దస్తమానం ఒకటే దగ్గు."

విసుక్కుంటూనే ఆవు పక్కన గొంతుక్కూర్చున్నాను. మీటరు చెవులు చిల్లులు పడేలా అరిచింది. నలభై ఒకటి. కళ్ళు భగ్గుమన్నాయి. ఒక్క ఉదుటున లేచి నిలబడ్డాను.

చేతిలోని తనిఖీ ఫారం అటూ ఇటూ తిరగేశాను. ఐదడుగుల ఎత్తులో ఎంతుందో రాయడానికే గడి ఉంది. మోకాలి ఎత్తుకి లేదు.

"ఇంతకుముందు వచ్చినవాళ్ళూ నిలబడే చూసుకుని వెళ్ళారు సార్" అందామె. ఆ గొంతులో నిష్ఠూరం కూడా లేదు.

నాకే మనసొప్పలేదు. ఫారం అంచున ఇరికించి రాసి, ఆమెకి చదివి వినిపించాను: "దూడలను వెంటనే బయట కట్టవలెను."

ఎన్నాళ్ళకో ఒక మంచి పని చేసినట్టనిపించింది.

"మంచిది సార్. పాపం, వాటికి ఊపిరాడుతుంది" అంది. మోచెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు దగ్గింది.

తర్వాత పీట లాక్కుని, ఇందాక మీటరు అరిచిన చోటే, పాలు పితకడానికి కూర్చుంది.