పదిహేడో కేక

పద్నాలుగో కేక కూడా కుదరలేదు.

"అమ్మా, పెట్టె తెరిస్తే అందులో ఉన్నది శవం. బొద్దింక కాదు," అన్నాడు దర్శకుడు మైకులో. అద్దానికి అవతల డబ్బింగ్ అమ్మాయి తల వంచుకుంది.

ఎప్పటిదో నలుపు తెలుపు సస్పెన్స్ సినిమాని ఇప్పుడు టీవీ కోసం మళ్లీ తీశారు. ఇల్లు మారింది, కారు మారింది, చివరికి హంతకుడు కూడా మారాడు. పెట్టె తెరిచినప్పుడు వినిపించే ఆ కేక మాత్రం పాతదానిలాగే ఉండాలని ఛానల్ వాళ్ల పట్టు. అందుకే పాత సినిమాకి శబ్దం రికార్డు చేసిన ముసలాయనను వెతికి పట్టుకొచ్చి, దర్శకుడి పక్కన కూర్చోబెట్టారు.

మంచినీళ్లకని బయటికొచ్చిన అమ్మాయి, ఆయన కుర్చీలో ఇబ్బందిగా కదలడం చూసి తన శాలువా మడిచి నడుము వెనక పెట్టింది.

"నాలుగింటికల్లా ఇంట్లో ఉండాలి బాబాయ్‌గారూ. నాన్నకి మాత్రలివ్వాలి. నేను ఇస్తేగానీ మింగరు."

"మొండి మనిషా?"

"మొండివాళ్లకి మేస్త్రీ!" అని నవ్వి, ఆ అమ్మాయి మళ్లీ లోపలికి వెళ్లింది.

దర్శకుడు ముందుకు వంగాడు. "గురువుగారూ, ఆ రోజు ఆ కేక ఎలా రాబట్టారు? కాస్త కిటుకు చెబుదురూ."

"చెప్పకూడదనుకునే వచ్చాను."

"నా ఉద్యోగం పోయేలా ఉంది సార్."

ముసలాయన కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు. "అరిచింది మా ఆవిడ. పన్నెండు సార్లు అరిచినా రాలేదు. మా బాబు మేడమీంచి పడ్డాడని కబురొచ్చిందని మైకు ముందు చెప్పాను. పచ్చి అబద్ధం. అప్పటికే టేపు తిరుగుతోంది."

"అబ్బ! తర్వాత?"

"తర్వాతేముంది. కాపురం చేసింది, వండిపెట్టింది. నేను చెప్పిన ఏ మాటా మళ్లీ నమ్మలేదు. వాన పడుతోందన్నా కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకునేది. పోయేదాకా అంతే." ఆయన చేతులు జోడించాడు. "మీరు ఆ పని చెయ్యకండి బాబూ. దణ్ణం పెడతాను."

దర్శకుడు జేబులో సిగరెట్ల కోసం తడుముకున్నాడు. లేచి బయటికి వెళ్లి, కాసేపటికి సిగరెట్ వాసనతో తిరిగొచ్చాడు.

పదిహేనో కేకకి రికార్డింగ్ ఎర్రదీపం వెలిగింది. అంతలో ముందుగదిలో ఫోన్లు చూసే ఆవిడ తలుపు నెట్టుకుని మైకు గదిలోకొచ్చింది.

"అమ్మాయ్, మీ ఇంటి దగ్గర్నుంచి ఆఫీసుకి ఫోన్ చేశారు. మీ నాన్నగారు పడిపోయారట. ఉన్నపళంగా రమ్మన్నారు." ముందుగదిలో మరో ఫోన్ మోగుతుంటే ఆవిడ వెంటనే వెళ్లిపోయింది.

అమ్మాయి అరవలేదు. రెండు చేతులతో నోరు మూసుకుంది. ముసలాయన ఎర్రదీపం వైపు చూశాడు. దర్శకుడి వైపు చూశాడు. దర్శకుడు కూడా ఆయన వైపే చూస్తున్నాడు.

ముసలాయనకి ఒళ్లు మండిపోయింది. తలుపు తోసుకుని లోపలికి వెళ్లి అమ్మాయి చెయ్యి పట్టుకున్నాడు.

"ఆగు తల్లీ. అంతా అబద్ధం. నీ చేత అరిపించడానికి ఆడుతున్న నాటకం ఇది. ఈ దిక్కుమాలిన కిటుకు చెప్పింది నేనే."

"నాటకమా? ఒక్కసారి ఇంటికి ఫోన్ చేసుకుని వస్తాను బాబాయ్‌గారూ. బయట బుట్టలోనే ఉంది." మైకు గదిలోకి ఎవరూ ఫోన్ తేకూడదు. అందరివీ గుమ్మం బయట బుట్టలోనే పడేసి రావాలి.

"ఇప్పుడు నువ్వు ఏడుస్తూ పరిగెత్తితే వీళ్లకి కావలసింది అదే. ఆ ఏడుపునే రికార్డు చేసుకుంటారు. పని ముగించుకుని తలెత్తుకుని వెళ్లు."

"నిజంగా అబద్ధమేనా? ఒట్టు?"

"పోయిన మా ఆవిడ మీద ఒట్టు."

అమ్మాయి ఊపిరి వదిలింది. కళ్లు తుడుచుకుంటూ నవ్వేసింది. "వీళ్ల మొహాలు మండా! మా నాన్నే దొరికారా వీళ్లకి? ఉండండి, వీళ్ల చెవులు చిల్లులు పడేట్టు అరుస్తాను."

పదిహేనో కేక కోపంలో గాడి తప్పింది. గొంతు పట్టేస్తే వేన్నీళ్లు తెప్పించి తాగించారు. పదహారోది పరవాలేదు. దర్శకుడు రెండుసార్లు విని, "గొప్పగా లేదు. టీవీకి చాల్లే," అని పెదవి విరిచాడు. గడియారంలో ముప్పావుగంట గడిచిపోయింది.

అమ్మాయి వెళ్తూ వెళ్తూ ముసలాయన దగ్గర ఆగింది. శాలువా తీసుకోబోయి, మళ్లీ ఆయన భుజాల చుట్టూ కప్పింది. "ఉంచుకోండి. మీరు లేకపోతే నా ప్రాణాలు అక్కడే పోయేవి."

ఆయనకి కళ్లు చెమర్చాయి. ఎన్నేళ్లకో ఒక ఆడపిల్ల తన మాట నమ్మింది. ఆ చల్లదనంలో కోపం కూడా సగం దిగిపోయింది.

"దణ్ణం పెట్టి చెప్పినా వినలేదు కదా బాబూ," అన్నాడు దర్శకుడితో మెల్లగా. "ఆ ఫోన్లు చూసే ఆవిడ చేత ఆ మాట చెప్పించారు."

"నేనా?" దర్శకుడు తెల్లబోయాడు. "నేను సిగరెట్ కాల్చుకుని వచ్చాను సార్. నేను బయటున్నప్పుడు మీరే ఆవిడకి నేర్పారనుకున్నాను. చివర్లో మనసొప్పక ఆపేశారని ఊరుకున్నాను."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. బరువైన తలుపు ఇంకా పూర్తిగా మూసుకోలేదు. ఆ సందులోంచి, గుమ్మం దగ్గర బుట్టలో చెయ్యిపెట్టి ఫోన్ వెతుకుతున్న గలగల వినిపించింది. తర్వాత, "హలో, నాన్నేం చేస్తున్నారు?" అన్న అమ్మాయి గొంతు.

అప్పుడు వినిపించింది, పదిహేడో కేక.