సున్నం పట్టే షవర్

“గోడ పగలగొట్టేదుంటే నాకు షవరే వద్దు బిడ్డా,” అంటూ రామచంద్రయ్య కుర్చీలోంచి లేచాడు.

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర స్నానాల గది సామాన్లు అమ్మే దుకాణం అది. పొద్దుటి నుంచి మంజులతకు ఇదే మొదటి బేరం. మొదటి బేరాన్ని ఊరికే గుమ్మం దాటనిచ్చే రకం కాదామె.

“కూసోండ్రి సార్. పైపులు గోడ మీదనే కనవడేటియి గూడ ఉన్నయి. పగలగొట్టుడు ఉండదు. మీది పాత ఇల్లా?”

“డంగు సున్నం గోడలు, కింద షాబాదు బండలు. ఇత్తడి గంగాళం ఇంకా ఆడనే ఉన్నది. అండ్ల తళతళ మెరిసేటియి పెడితే ఏం బాగుంటది?”

మంజులత నల్లరంగువి చూపించింది. కిటికీ చువ్వల్లా ఉన్నాయన్నాడు. వెండి రంగువి చూపించింది. దవాఖాన యాదికొస్తుందన్నాడు. చివరికి పాతకాలం తీరు ఇత్తడివి తీసింది. తెల్లటి పింగాణీ పిడులు, పాత ఫోన్ రిసీవర్ లాంటి చేతి షవర్. అవి చూశాక రామచంద్రయ్య మళ్లీ కూర్చున్నాడు.

“తీరు బాగనే ఉన్నది. కానీ నీళ్లు కాలొద్దు. నాకు అదే ముఖ్యం,” అని చొక్కా కాలరు పక్కకు లాగాడు. మెడ కింద నుంచి వీపు వైపు చర్మం ఊడి ఎర్రగా ఉంది.

“అయ్యో, ఎట్లయింది సార్?”

“చల్లనీళ్లు నడుమల బందైనయి. గీజర్ నీళ్లు ఒక్కపారే మీద పడ్డయి. కండ్ల నిండ సబ్బుండె.”

“దవాఖానకు ఎవరు తీస్కపోయిండ్రు?”

“ఆటో పట్టుకొని నేనే పోయిన.”

“మరి ఈపుకు మందు?”

“చెయ్యి అందిన కాడికి రాసుకున్న,” అన్నాడు రామచంద్రయ్య మామూలుగా.

లాభం సంగతి తర్వాత, ఈ మనిషికి మంచి వస్తువు ఇచ్చి పంపాలనుకుంది మంజులత. వెనక గోడకు బిగించి ఉన్న అదే తీరు రెండు ఇత్తడి షవర్ల దగ్గరికి తీసుకుపోయి నీళ్లు వదిలింది.

“గీ చక్రం తిప్పి మీకు ఎంత వేడి కావాల్నో ఆడ పెట్టండ్రి. ఇంగ అంతే వస్తయి. చల్లనీళ్లు బందైతే వేడినీళ్లు గూడ వాటంతట అవే బందైతయి.”

రామచంద్రయ్య చెయ్యి పెట్టాడు. నీళ్లు గోరువెచ్చగా, ఎవరో సరిచూసి వేడీ చల్లా కలిపినట్టు ఉన్నాయి. చాలాసేపటి వరకు చెయ్యి తియ్యలేదు.

“రెండిట్ల ఏది మంచిది?”

“కుడిపక్కది కండ్లు మూసుకొని తీస్కోండ్రి. మావోడొచ్చి ఒక్కసారి బిగించి పోతడు. ఇంగ పదేండ్లు ఎవలూ మీ గడప తొక్కే పని లేదు.”

రామచంద్రయ్య ముఖం చిన్నబోయింది. “పదేండ్లా?”

“గ్యారంటీ సార్. రాసిస్తం.”

“పదేండ్ల దాన్ని తీస్కపోయి నేనేం జేస్త?”

వయసు మళ్లిన మనిషి ముందు ఏళ్ల లెక్క ఎందుకు తెచ్చానా అని మంజులత నాలుక కరుచుకుంది.

“మరి ఎడమపక్కది?” అని ఆయనే అడిగాడు.

“అది వద్దు సార్. చూడ ముచ్చటనే గానీ, మన బోరు నీళ్లకు లోపల సున్నం పడ్తది. మా మెకానిక్ సైదులు నెలనెలా వచ్చి ఇప్పి కడగాలె.”

“నెలనెలా వస్తడా?”

“రావాల్సిందే. కడగకపోతే వేడి అదుపుల ఉండదు. మళ్ల కాలుతది.”

“నడుమల ఎగ్గొడ్తడా?”

“సైదులా? వాన పడ్డా వస్తడు.”

“వస్తే ఎంతసేపు పడ్తది?”

“గంటన్న పడ్తది సార్. ఇప్పాలె, నిమ్మ ఉప్పు నీళ్లల్ల నానబెట్టాలె, మళ్ల బిగియ్యాలె. నానేదాక ఊకె కూసునుడే. మీకెందుకు గీ లొల్లి?”

“ఒక్కడే వస్తడా?”

“ఒక్కోసారి తోడుకు ఇంకొకల్ని తెచ్చుకుంటడు. ఫికర్ జెయ్యకండ్రి, ఇద్దరొచ్చినా పైసలు ఒక్కనివే.”

ఇంత గుచ్చి గుచ్చి అడుగుతున్నాడంటే గట్టి మనిషే, కుడిపక్కదే తీసుకుంటాడని ఆమె ధైర్యపడింది. ఆ పెట్టె కోసం చెయ్యి చాచింది కూడా.

“ఎడమపక్కది కట్టు బిడ్డా.”

మంజులత చెయ్యి అక్కడే ఆగిపోయింది. “సార్, రెండూ ఒక్క ధరే. తెలిసి తెలిసి గీ తిప్పలెందుకు? రేపొచ్చి మా మీద లొల్లి పెడ్తరు.”

“పెట్టను.”

“కాలిన మనిషి, మీ మంచికే చెప్తున్న.”

“తెల్సు బిడ్డా. అదే కట్టు.”

ఇక చేసేది లేక కట్టింది. మంచి చెప్తే వినని వాళ్లంటే ఆమెకు ఒళ్లు మంట. అయినా ఈయన మీద కోపం రాలేదు, దిగులే కలిగింది. రామచంద్రయ్య పెట్టెను చంకలో పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, అక్కడ ఆగి, నెమ్మదిగా వెనక్కి తిరిగొచ్చాడు.

మనసు మార్చుకున్నాడని మంజులతకు ప్రాణం లేచొచ్చింది. కుడిపక్క పెట్టెను గబగబా కిందికి దించింది.

“ఒక్కటి అడుగుడు మరిచిన బిడ్డా,” అన్నాడాయన. “సైదులు చాయ్‌ల చక్కెర ఎంత ఏసుకుంటడు?”