విందు కార్డులు

అక్క పెళ్లి కవర్లపై చిరునామాలు రాసే పని నాది. మాలో పెద్ద కార్డు పెళ్లి కబురు, చిన్న కార్డు విందుకు పిలుపు. చిన్నది అందనివాళ్లు చర్చి మెట్ల దగ్గర బియ్యం చల్లి ఇంటికి పోవాలి.

"రాళ్ల గనివాళ్లకి పెద్ద కార్డు చాలు," అన్నాడు నాన్న. "వియ్యంకుడు బారీ పట్నంలో పెద్ద నోటరీరా. వీళ్లు తాగి పాటలెత్తుకుంటే నా తల ఎక్కడ పెట్టుకోను?"

"ఇరవయ్యేళ్లు వాళ్లతోనే రాళ్లు కొట్టావు కదా!"

"నీ కరపత్రాలు నా దగ్గర చదవకు. రాయి."

రాశాను. గనివాళ్ల పదకొండు కవర్లలోనూ నాన్నకు తెలియకుండా చిన్న కార్డు పెట్టి, స్టాంపులంటించి తపాలా డబ్బాలో వేశాను. న్యాయం ఇంత సులువా అనిపించింది.

శనివారం, గనిలో నాన్న జోడీ నున్జియో మామ వచ్చాడు. గుమ్మం బయటే టోపీ తీసి, పదకొండు చిన్న కార్డులూ అందించాడు.

"పొరపాటున మా కవర్లలో పడ్డాయేమో, అన్నా. ఎవరికైనా తక్కువవుతాయని తెచ్చా."

ఇచ్చాక కూడా కదల్లేదు. 'పొరపాటు కాదురా, మీకే' అన్న మాట కోసం నాన్న ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు.

నాన్న లెక్కపెట్టుకున్నాడు. "పదకొండూ ఉన్నాయి," అన్నాడు.

నేనే పెట్టానని ఒక్క మాట అంటే చాలు. వీధివీధినా ఉపన్యాసాలిచ్చే నేను నేలచూపులు చూశాను.