సున్నపు తేట

తన పసుపు సంచిలో రాళ్లు వేసిందెవరు? ఏళ్లు గడిచినా దేవన్నను ఆ అనుమానం వదల్లేదు. పోచమ్మ గుడి అరుగు మీద కూర్చుని ఇప్పుడూ అదే ఆలోచిస్తున్నాడు. నల్లా దగ్గర, ఈమధ్యే దుబాయి నుంచి తిరిగొచ్చిన ఆటో డ్రైవర్ గజేందర్ సబ్బుతో చేతులు రుద్దిరుద్ది కడుక్కుంటున్నాడు.

ఆ ఏడు ఆర్మూర్ మార్కెట్ యార్డులో వ్యాపారి నరహరి దేవన్న సంచిని కుమ్మరించాడు. పసుపు కొమ్ముల నడుమ నుంచి గులకరాళ్లు దొర్లాయి. “దొంగ!” అంటూ హమాలీలందరి ముందు దేవన్న చెంప పగలగొట్టాడు. అప్పటి నుంచి యార్డులో అతను రాళ్ల దేవన్న. మొన్న మనవరాలు నందిని బడి నుంచి వచ్చి, “తాతా, నిన్ను గట్లెందుకు పిలుస్తరు?” అని అడిగింది. ఆ పూట దేవన్నకు ముద్ద దిగలేదు.

“రాళ్లు ఆ సేటే ఏయించిండు కాకా, ధర కొట్టేతందుకు,” అన్నాడు గజేందర్ చేతులు తుడుచుకుంటూ. “నన్ను సూడు. ఈ సీజన్ల నా ఆటోకు ఒక్క సంచి ఎత్తనిస్తలేడు. ఎందుకని అడిగితే మొఖం తిప్పుకుంటడు. మనిద్దరి కడుపుమంట ఇయ్యాల్ల సల్లారాలె.”

ఆ మంట తప్ప ఇద్దరికీ దేంట్లోనూ పొత్తు లేదు. దీపం పెట్టనిదే దేవన్న చాయ్ కూడా తాగడు. గజేందర్‌కు దేవుడి పేరెత్తితే నవ్వొస్తుంది. ఆటో ముందు వేలాడే నిమ్మకాయ కూడా భార్య రజని పోరు పడలేక కట్టిందే.

పథకం గజేందర్‌ది. రాళ్లు వేయలేదని నరహరితో అమ్మవారి ముందు ప్రమాణం చేయించాలి. ఇత్తడి గిన్నెలో నీళ్లకు బదులు సున్నపు తేట ఉంటుంది. ముందు గజేందర్ శుభ్రమైన చెయ్యి ముంచి చూపిస్తాడు. ఏమీ కాదు. తర్వాత పొద్దంతా పసుపు రాసుల్లో తిరిగే నరహరి చెయ్యి దిగగానే, పసుపు కలిసి తేట ఎర్రబడుతుంది. అమ్మవారే పట్టించిందని యార్డంతా నమ్ముతుంది.

“మొదాలు వద్దంటివి. మళ్ల ఎట్లొప్పుకున్నవే?” అన్నాడు గజేందర్.

“ఒక పెద్దమనిషిని అడిగిన. అబద్ధంతోని నిజాన్ని బయటికి గుంజితే పాపమా అని.”

“ఏమన్నడు?”

“రాళ్లేసినోడు బయటపడితె అమ్మకు కోపం రాదన్నడు.”

“ఎవలు, అయ్యగారా?”

దేవన్న కొబ్బరికాయ పీచు తీయసాగాడు.

“జల్దీ కానియ్యి కాకా!”

“రాహుకాలం పోనియ్యి.”

“దొంగపనికి గూడ ముహూర్తమా! రేపు పోలీసోళ్లు గూడ పంచాంగం సూసే వస్తరా?”

దేవన్న మోదుగాకు పొట్లం విప్పి, ఇంకా తడిగా ఉన్న కంకణం తీసి గజేందర్ కుడిచేతికి కట్టబోయాడు.

“ఇదేందే, నాకేమన్న పెండ్లా?”

“ఈ పని కోసమే తెచ్చిన. కట్టుకో బిడ్డా.”

గజేందర్ తల కొట్టుకుంటూ చెయ్యి చాచాడు. ఎవరైనా చూస్తే నవ్వుతారని, దాని మీదికి చొక్కా చెయ్యి లాగి గుండీ పెట్టుకున్నాడు. ఆ తర్వాత దాన్ని మరిచేపోయాడు.

అన్నాల వేళకు హమాలీలంతా గుడి ముందు గుమిగూడారు. కబురందగానే నరహరి వచ్చాడు. ఒక్క మాట కూడా వాదించలేదు.

“ప్రమాణమే గద, చేస్త,” అన్నాడు. “మరి ఆ సంచులు యార్డుకు తెచ్చిన ఆటో ఎవనిది? ముందుగాల వాడు పెట్టాలె.”

గజేందర్ దేవన్న వైపు కన్నుకొట్టాడు. అంతా అనుకున్నట్టే జరుగుతోంది. “దాందేముంది సేటూ!” అంటూ గిన్నెలో వేళ్లు పెట్టాడు.

“వేళ్లు గాదు, మణికట్టు మునగాలె.”

“మోచెయ్యి దాకా ముంచమంటవా?” గజేందర్ చొక్కాతో సహా చెయ్యి దించాడు. నరహరి ముఖంలోకే చూస్తూ గొంతు పెంచాడు. “ఆ రాళ్లు నేనేసి ఉంటే నా చెయ్యి పడిపోను!”

“అమ్మో, నెత్తురు!” అని ఎవరో అరిచారు.

గజేందర్ కిందికి చూశాడు. గిన్నె ఎర్రగా ఉంది. చెయ్యి పైకి లాగితే చొక్కా అంచు నుంచి ఎర్రటి చుక్కలు కారుతున్నాయి.

“కడిగిన… సబ్బుతోని కడిగిన గద…” గొణిగాడు. గిన్నె ముందు సాగిలపడ్డాడు. “అమ్మా పోచమ్మా, తప్పైంది! దుబాయి పోయే తొందరల కొంత పసుపు తీసి అమ్ముకున్న. తూకం తగ్గొద్దని రాళ్లేసిన. కాకా, నీ మీదికొస్తదని అనుకోలే!”

ఆ రోజు యార్డుకు వచ్చే దారిలో దేవన్న ఇదే గజేందర్‌కు తన సద్దిలో సగం పెట్టాడు. “రాళ్లేసినంక నా అన్నం ఎట్ల తిన్నవ్ రా?” అని అడిగాడు.

నరహరి భుజం మీది కండువా తీసి, అందరూ చూస్తుండగా దేవన్న కాళ్లకు మొక్కాడు.

“దేవన్నా, నీడకు రాయే, కూసో,” అన్నాడొక ముసలి హమాలీ. పేరు ముందు రాళ్లు లేవు. దేవన్న కళ్లు తుడుచుకుని, ఏడుస్తున్న గజేందర్ ముంజేతి నుంచి ఎర్రబడిన కంకణాన్ని మెల్లగా విప్పాడు.

నరహరి దేవన్న దగ్గరికి జరిగి, గొంతు తగ్గించి అడిగాడు. “ఆ చెంపదెబ్బ బాకీ తీరిందా?”

“తీరింది సేటూ.”

దేవన్న ఆ కంకణాన్ని అతని చేతిలో పెట్టాడు.

దాన్ని పసుపులో నానబెట్టి ఇచ్చిన పెద్దమనిషి నరహరే.